ఐదు బొమ్మలు, ఎనిమిది కుర్చీలు

20 జనవరి 2003, సోమవారం

ఈ డైరీ 2001ది. సిమెంటు కంపెనీవాళ్ళు పంచింది. రెండేళ్ళపాటు మా ఆవిడ రమాసుందరి దీన్ని బీరువా కాలికింద ఎత్తుగా పెట్టింది. ఇవాళ లాగేశాను. బీరువా కొంచెం ఒరిగింది. అచ్చేసిన వారాలు కొట్టేసి సరైనవి రాసుకుంటున్నా. పదో తరగతి తప్పినవాడికి ఇంతకన్నా కొత్త డైరీ ఎందుకు.

రాయటం ఎందుకంటే, ఈ సంగతి ఎవడికన్నా చెబితే నవ్వుతాడు. నేను నవ్వించటం వేరు, నన్ను చూసి నవ్వటం వేరు. ఇరవై ఏళ్ళుగా ఆఫీసులో మొదటిదే నడుస్తోంది. కార్పొరేషనువాళ్ళు బిల్డింగు పడగొట్టటానికి వచ్చారని చెప్పి, మా ఇంజనీరు మల్లికార్జునరావు గారినే ఒంటికాలి చెప్పుతో మూడంతస్తులు దింపినవాణ్ణి నేను.

ఇవాళ సూర్యప్రకాష్ వచ్చి గాజుగదిలో కూర్చున్నాడు.

ఎవడు వాడు? బందరు నుంచి వచ్చి, నా బల్ల పక్కన స్టూలేసుకుని, ట్రేసింగు కాయితం మీద ఇంకు పెన్ను పట్టుకోవటం నా దగ్గర నేర్చుకున్నవాడు. పదేళ్ళయింది. గీత గీసేటప్పుడు ఊపిరి బిగబట్టరా అని చెబితే, గీత అయిపోయినా వదిలేవాడు కాదు. నేనే వీపు మీద చరిచేవాణ్ణి. తర్వాత హైదరాబాదు పోయి నెట్‌వర్కులని ఏదో చదివాడట. నలభై దగ్గర పడుతున్నాయి, పొట్ట కూడా రాలేదు వెధవకి.

"ఇకనుంచి లైసెన్సుల సంగతి సూర్యప్రకాష్ గారు చూసుకుంటారు" అన్నారు ఇంజనీరు గారు అందర్నీ నిలబెట్టి.

గారు! నేను ఇరవై ఏళ్ళ నుంచీ "ఏమయ్యా ప్రసాదూ"నే.

వాడు నేరుగా నా దగ్గరికొచ్చి "గురువుగారూ, బాగున్నారా?" అని కాళ్ళకి దణ్ణం పెట్టబోయాడు. అందరి ముందూ. ఎంత తెలివి.

22 జనవరి, బుధవారం

బొమ్మలు దించేశారు.

నాలో నేను లెక్క చూసుకోవాలి కాబట్టి మొదట్నుంచీ రాస్తా. మాది బెంజ్ సర్కిల్ వెనకవీధిలో ఆఫీసు. అపార్టుమెంట్లు, ఐసు ఫ్యాక్టరీలు, చేపల గోడౌన్లు, ఏం కట్టాలన్నా ప్లాన్లు గీసిస్తాం. గీసేవాళ్ళం ఎనిమిదిమంది, కంప్యూటర్లు ఎనిమిది. డ్రాయింగు సాఫ్ట్‌వేరు అన్నిట్లోనూ ఉంది. కానీ కొన్నది ఐదు లైసెన్సులే. ఏ ఐదుగురైనా తెరవచ్చు. ఆరోవాడు తెరిస్తే "లైసెన్సు ఖాళీ లేదు" అని ఇంగ్లీషులో ఓ ముక్క చెప్పి మూసుకుంటుంది. ఎవరి దగ్గర ఎన్ని ఉన్నాయో గాజుగదిలో ఉన్న సర్వరు చూసుకుంటూ ఉంటుంది.

పోయినేడు ఇదే గొడవ. ఒకడు తెరిచిపెట్టి టీకి పోతాడు, ఇంకొకడు కాచుక్కూర్చుంటాడు. మా అందర్లోకీ చిన్నది హేమ ఒకరోజు ఏడ్చేసింది కూడా. అప్పుడు దారి చూపించింది ఎవరు? ఈ గంగాప్రసాదు. మా బావమరిది కొండపల్లి థర్మల్‌లో పనిచేస్తాడు. వాళ్ళింటికెళ్ళి వస్తూ ఐదు బొమ్మలు కొన్నా. అంబారీ ఏనుగు, ఎడ్లబండి, పాములవాడు, బిందె ఎత్తుకున్న పిల్ల, తాటిచెట్టెక్కిన గీతగాడు. ఎవడి మానిటరు మీద బొమ్మ ఉందో వాడే సాఫ్ట్‌వేరు తెరవాలి. పనైపోతే బొమ్మ తెచ్చి నా బల్ల మీద పెట్టాలి. కావలసినవాడు నన్నడిగి తీసుకోవాలి. బొమ్మ లేకుండా తెరిచినవాడు ఆ రోజు అందరికీ మిరపకాయ బజ్జీలు తేవాలి.

ఒక్క గొడవ లేదు ఏడాదిపాటు. పొద్దున్నే నా బల్ల ముందు వరసలో నిలబడేవాళ్ళు. ఏనుగు మాత్రం నా దగ్గరే ఉండేది, అది వేరే సంగతి.

ఇప్పుడు వీడొచ్చి సర్వరులో ఏదో నొక్కాడు. ఇరవై నిమిషాలు మౌసు కదపకపోతే లైసెన్సు దానంతటదే వెనక్కి పోతుందిట. బొమ్మలక్కర్లేదుట. చెప్పుల అట్టపెట్టెలో వేసి నా చేతికిచ్చాడు. "చాలా బాగా చేశారండీ గురువుగారూ ఇన్నాళ్ళూ" అన్నాడు. చచ్చినవాడి గురించి మాట్లాడినట్టు.

గాజుగది బయట ఒక రిజిస్టరు కూడా కట్టాడు. ఎవరు లోపలికెళ్ళినా తేదీ, టైము, చేసిన పని, సంతకం. ఏదో బ్యాంకు లాకరు అయినట్టు.

24 జనవరి, శుక్రవారం

ఇవాళ పులుసు తెచ్చాడు. పండుగప్ప. వాళ్ళమ్మ బందరు మార్కెట్టులో చేపలమ్ముతుంది, ఆవిడే వండి బస్సులో పంపిందిట. అందరూ ఎగబడ్డారు. నేను తినలేదు.

రెండు ముక్కలు తిన్నా. పెద్దగా ఏం లేదు.

30 జనవరి, గురువారం

ఇరవై నిమిషాల రూలుకి మందు కనిపెట్టా.

టేబుల్ ఫ్యాను అటూఇటూ తిరుగుతుంది కదా. దాని తలకి పురికొస కట్టి, రెండో కొస మౌసుకి కట్టా. ఫ్యాను తిరిగినప్పుడల్లా మౌసు జరుగుతుంది. వేరుశనక్కాయలు కొనుక్కుని కిందికెళ్ళి గంటసేపు కబుర్లు చెప్పొచ్చా. వచ్చేసరికి నా లైసెన్సు నా దగ్గరే ఉంది. ఆఫీసంతా నా బల్ల చుట్టూ చేరి పొట్ట పట్టుకుని నవ్వుతోంది. హేమ అయితే "బాబాయ్ గారూ, మీ ఫ్యానుకి జీతం ఇవ్వాలండీ" అంది.

సూర్యప్రకాష్ గాజులోంచి చూశాడు. వచ్చి పురికొస పట్టుకుని చూసి, "ముడి బాగా వేశారండీ, మా వలకి కూడా ఇదే ముడి" అన్నాడు. అంతే. వెళ్ళిపోయాడు.

తిట్టొచ్చుగా! తిడితే నేనూ నాలుగు అంటాను కదా.

10 ఫిబ్రవరి, సోమవారం

ఇంజనీరు గారు మీటింగు పెట్టారు. ఉగాదికి ముగ్గుర్ని సైటుకి పంపిస్తారట, ఎండలో టేపు పట్టుకుని కొలవటానికి. సాఫ్ట్‌వేరు ఎవరు ఎక్కువ వాడుతున్నారో, ఎవరు తక్కువో చూసి పంపుతారట. ఆ లిస్టు సర్వరు రాసిపెడుతుంది. అది తీసిచ్చేది సూర్యప్రకాష్ గారు.

నాకేం భయం? లైసెన్సు దొరక్కపోతేగా గంటలు తగ్గేది. నాకు ఎప్పుడెళ్ళినా దొరుకుతుంది. హేమ ఎనిమిదిన్నరకొచ్చి కూర్చున్నా ఒక్కోసారి ఖాళీ లేదంటుంది. నేను పదకొండింటికి తీరిగ్గా వచ్చి తెరిస్తే ఠక్కున తెరుచుకుంటుంది. ఈ మూడు వారాల్లో ఒక్కరోజు కూడా కాదనలేదు. యంత్రానికి కూడా సీనియారిటీ తెలుసు, మనుషులకే తెలియదు.

హేమకి పని నేర్పిస్తున్నా. అందుకే నేను పెన్సిలుతో గీసి ఇస్తాను, తను నా కంప్యూటర్లో ఎక్కిస్తుంది. నేర్చుకునే వయసు.

21 ఫిబ్రవరి, శుక్రవారం

మా ఆవిడ పేరు చెప్పి సూర్యప్రకాష్ ఒక టిఫిను డబ్బా పంపాడు. ఇంటికి తీసుకెళ్ళా. డబ్బా కడగాల్సిన పని లేకుండా ఖాళీ చేసింది.

"ఎంత వినయమండీ ఆయనకి! 'గురువుగారింటికి' అని చీటీ కూడా రాసి పెట్టారు" అంది.

"ఆయన ఏంటి, వాడు నా దగ్గర ఇంకు సీసా కడిగేవాడు" అన్నా.

"అంత పైకొచ్చినా గుర్తుపెట్టుకున్నారంటే గొప్పేగా" అంది.

గొప్పే. వాడు ఎక్కినా గొప్పే, దిగినా గొప్పే. నేను కూర్చున్నచోటే కూర్చుంటే మాత్రం "ఏవండీ, ఆ బీరువా ఎందుకు ఊగుతోంది?"

3 మార్చి, సోమవారం

ఆ గాజుగది తాళం వాడి మొలతాడుకే ఉంటుంది.

12 మార్చి, బుధవారం

చాలా మంచి రోజు. మొదట్లో.

సూర్యప్రకాష్ వాళ్ళమ్మ దానమ్మని కంటి ఆసుపత్రిలో చూపించాలి, ఆవిడ బస్సు దిగుతోంది. పదకొండున్నరకి నా దగ్గరికొచ్చి మొలతాడు నుంచి తాళంచెవి విప్పి నా చేతిలో పెట్టాడు.

"రెండు గంటలండీ గురువుగారూ. ఎవర్నీ లోపలికి రానివ్వకండి. మీరున్నారుగా, నాకు దిగులు లేదు."

లోపల ఏసీ. తిరిగే కుర్చీ. గాజులోంచి చూస్తే ఎనిమిది కుర్చీలూ కనిపిస్తాయి. వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ కాసేపు రాజులా కూర్చున్నా. సర్వరు తెర మీద కింద మూల గడియారం ఉంది. దాని మీద రెండుసార్లు నొక్కితే తేదీ మార్చుకోవచ్చని నాకు తెలుసు. నా కంప్యూటర్లో చేస్తుంటా, హేమకి పుట్టినరోజు ముందే తెప్పించా ఒకసారి.

లైసెన్సులు ఈ డిసెంబరుదాకానే. అప్పుడు కొత్తవి కొనాలి. మరి సర్వరుకి వచ్చే ఏడాది వచ్చేసిందని చెబితే?

2004 చేశా.

అబ్బ, ఏం చూడాలి! ఒక్కొక్కరి తెర మూసుకుపోయింది. "గడువు అయిపోయిందంటోందండీ!" "నాదీ!" "నేను సేవ్ చెయ్యలేదు!" ఇంజనీరు గారు గదిలోంచి బయటికొచ్చి "సూర్యప్రకాష్ గారేరీ?" అని కేకలు. ఆ పిలుపు వినటానికే చేశానేమో. ఆ గారు ముందు ఎంత కోపముందో!

అరగంట అయ్యాక మళ్ళీ 2003 చేశా. బయటికొచ్చి "ఏముందండీ, ఇప్పుడు చూడండి" అందామనుకున్నా. నేను బాగు చేసినట్టు.

తెరుచుకోలేదు. ఎవరికీ.

మూడుసార్లు చూశా. తేదీ సరిగ్గానే ఉంది. పన్నెండు, మార్చి, రెండువేల మూడు. అయినా తెరుచుకోలేదు.

వాడు ఒంటిగంటన్నరకొచ్చాడు. తాళం ఇచ్చేశా. నేనేం చెప్పలేదు. వాడేం అడగలేదు.

13 మార్చి, గురువారం

బెంగుళూరులో సాఫ్ట్‌వేరు వాళ్ళకి ఫోను చేస్తే, మీ సర్వరులో తేదీ వెనక్కి తిప్పారు, గడువైన లైసెన్సు వాడుకోవటానికి దొంగలు చేసే పని ఇది, అందుకే అది తలుపేసుకుంది అన్నారట. కొత్త ఫైలు ఇవ్వాలంటే ఉత్తరం రాయాలి, వాళ్ళు నమ్మాలి, సోమవారందాకా పడుతుంది.

కైకలూరు పార్టీకి చేపల కోల్డు స్టోరేజీ డ్రాయింగులు రేపు ఐదింటికి ఇవ్వాలి. ఇరవై రెండు షీట్లు. ఇంజనీరు గారికి నిజం చెప్పెయ్యాలి.

రేపు చెప్తా.

14 మార్చి, శుక్రవారం

పాత డ్రాయింగు బల్లలు మేడమీద గదిలోంచి దింపించింది నేనే. చేత్తో గీద్దాం అన్నది నేనే. మిగిలినవాళ్ళకి ఇంకు పెన్ను పట్టుకోవటం కూడా రాదు. నేనూ, సూర్యం. ఇద్దరమే.

పొద్దున ఏడింటికి మొదలుపెట్టాం. వాడు నా పక్కన స్టూలేసుకుని కూర్చున్నాడు, పదేళ్ళ కిందట కూర్చున్నట్టే. పెద్ద గీత వచ్చినప్పుడు ఊపిరి బిగబట్టాడు. గీత అయిపోయింది. వదల్లేదు. నా చెయ్యి దానంతటదే వెళ్ళి వాడి వీపు మీద చరిచింది.

"ఇంకా అలవాటు పోలేదండీ" అని నవ్వాడు.

"వెధవ అలవాటు" అన్నా.

నా అక్షరాలు చూసి హేమ "అచ్చేసినట్టున్నాయి బాబాయ్ గారూ" అంది. ఆఫీసంతా మా వెనక నిలబడి చూసింది. ఇన్నాళ్ళకి ఒక్కరోజు మళ్ళీ నేను నేనుగా ఉన్నా. ఆ రోజు కూడా నేను చెడగొట్టినందువల్లే వచ్చింది.

నాలుగున్నరకి తొమ్మిది షీట్లు. ఐదింటికి తొమ్మిదిన్నర.

పార్టీ ఇంకో ఆఫీసుకి వెళ్ళిపోయింది.

15 మార్చి, శనివారం

ఇంజనీరు గారు అందర్నీ పిలిచారు. "తేదీ ఎవరు తిప్పారు?"

నేను నోరు తెరిచా. నిజంగా తెరిచా. గాలి వచ్చింది, మాట రాలేదు.

"నేనేనండీ" అన్నాడు సూర్యం. "ఆసుపత్రికి వెళ్ళే తొందరలో తేదీ తప్పు కొట్టి, మళ్ళీ సరిచేశాను. నా పొరపాటే."

"నీలాంటివాణ్ణి పెట్టుకున్నందుకు నా పొరపాటయ్యా!"

ఒక్క వారంలో 'గారు' పోయి 'అయ్యా' అయింది. నాకు సంతోషం కలగాలి. ఎక్కడో కొంచెం కలిగింది కూడా, అబద్ధం ఎందుకు.

వాడు సంచీ సర్దుకుని వెళ్ళిపోయాడు. వెళ్తూ నా వైపు చూడలేదు. పోనీ చూసినా బాగుండేది.

రేపు చెప్తా.

17 మార్చి, సోమవారం

బెంగుళూరు నుంచి కొత్త ఫైలొచ్చింది. సాఫ్ట్‌వేరు తెరుచుకుంది.

"ఏమయ్యా ప్రసాదూ, వేరేవాడు దొరికేదాకా ఆ గది నువ్వు చూసుకో" అని ఇంజనీరు గారు తాళంచెవి ఇచ్చారు.

నా మొలతాడుకి కట్టుకున్నా. గుచ్చుకుంటోంది.

రిజిస్టరు తిరగేశా. "12-3-2003. 11.30 నుంచి 1.30. చేసిన పని: తేదీ మార్పు. సంతకం: సూర్యప్రకాష్." వాడి అక్షరాలు నా దగ్గర నేర్చుకున్నవే. 'ర' కింద కొస కొంచెం ఎత్తటం నాదే.

18 మార్చి, మంగళవారం

రేపు.

20 మార్చి, గురువారం

ప్రాణం తీస్తున్నారు. "గంగాప్రసాద్ గారూ, లైసెన్సు లేదంటోంది." "గంగాప్రసాద్ గారూ, నాది మధ్యలో పోయింది." ఇప్పుడు నాకూ గారు వచ్చింది. తలనొప్పికి తోకలాగా.

అట్టపెట్టె తీసి బొమ్మలు మళ్ళీ పంచా. పాములవాడి బుర్ర ఊడిపోయింది. ఎవరూ నవ్వలేదు. "మళ్ళీ ఇవేనా అండీ" అన్నారు.

21 మార్చి, శుక్రవారం

ఇది నెమ్మదిగా రాయాలి.

పొద్దున నాకు జ్వరంగా ఉండి నా కంప్యూటరు తెరవలేదు. నలుగురు సాఫ్ట్‌వేరు వాడుతున్నారు. హేమ ఐదోది అడిగింది, లేదంది. ఐదు కొన్నాం, నలుగురే ఉన్నారు, ఐదోది ఏదీ? బెంగుళూరుకి ఫోను చేశా. అక్కడ మన తెలుగాయనే దొరికాడు, తెనాలి వైపు.

"లైసెన్సు ఫైలు పక్కన ఇంకో చిన్న ఫైలు ఉంటుందండీ. ఎవరికి ఎలా పంచాలో మీ వాళ్ళు రాసుకునేది. తెరిచి అందులో ఉన్నది చదవండి" అన్నాడు.

నాకు ఇంగ్లీషు చదవటం ఎంతవరకో నాకు తెలుసు. ఒక్కో అక్షరం చదివా. ఆర్, ఈ, ఎస్, ఈ, ఆర్, వీ, ఈ. తర్వాత ఒకటి అంకె. తర్వాత ఏదో మాట. తర్వాత జీ, ఏ, ఎన్, జీ, ఏ...

అక్కడ ఆగిపోయా.

"చదవండి సార్."

పీ, ఆర్, ఏ, ఎస్, ఏ, డీ.

"అదీ సంగతి" అన్నాడాయన. "గంగాప్రసాద్ అనే ఆయనకి ఒక లైసెన్సు ఎప్పుడూ విడిగా ఉంచేశారండీ. ఆయన వచ్చినా రాకపోయినా అది ఇంకెవరికీ వెళ్ళదు. అందుకే మీ మిగతావాళ్ళకి నాలుగే. ఎవరండీ ఆయన, మీ ఎండీ గారా?"

"కాదండీ."

"మరి తీసెయ్యమంటారా?"

తర్వాత చేస్తానని ఫోను పెట్టేశా. ఆ ఫైలు ఏ రోజు రాశారో పక్కనే ఉంది. ఇరవై జనవరి. వాడు వచ్చిన రోజు. అందరి ముందూ దణ్ణం పెట్టబోయిన రోజు. నేను బొమ్మల కోసం ఏడవకముందే, ఫ్యానుకి పురికొస కట్టకముందే.

రెండు నెలలు నేను పదకొండింటికొచ్చి తీరిగ్గా తెరిచా. యంత్రానికి సీనియారిటీ తెలుసని రాశా. పైన ఉంది, కొట్టెయ్యను.

22 మార్చి, శనివారం

చెప్పేశా.

ఇంజనీరు గారి గదిలోకెళ్ళి నిలబడి, "ఆ తేదీ తిప్పింది నేనండీ, సూర్యప్రకాష్ కాదు" అన్నా.

ఆయన కళ్ళజోడు తీసి నన్ను చూశారు. నవ్వారు.

"ఏప్రిల్ ఒకటికి ఇంకా టైముందయ్యా."

"నిజమండీ. నేనే."

"వాడి మీద జాలి ఉంటే ఉంది గానీ, నమ్మేది చెప్పు. నీకు సర్వరులో తేదీ మార్చటం వచ్చా? పెన్సిలుతో గీసి ఆ పిల్లచేత ఎక్కించుకుంటావు, నాకు తెలియదనుకున్నావా? పో, పని చూసుకో."

ఇరవై ఏళ్ళు నవ్వించినందుకు ఇది ఫలితం. దొంగతనం ఒప్పుకున్నా నమ్మరు. వాడు చెయ్యని తప్పుకి వాణ్ణి ఠక్కున నమ్మారు, వాడికి చేసేంత చదువుందని. తప్పులో కూడా వాడిదే పైచెయ్యి.

నాకు తప్పు చేసే అర్హత కూడా లేదా?

24 మార్చి, సోమవారం

తొమ్మిదింటికే వెళ్ళి ప్రతి కుర్చీ దగ్గరా చెప్పా: "అందరూ సేవ్ చేసుకోండి. రెండుసార్లు చేసుకోండి." ఈ వారం ఇవ్వాల్సినవి ఏమీ లేవని హేమని అడిగి తెలుసుకున్నా. అప్పుడెళ్ళి ఇంజనీరు గారితో "ఒక్క నిమిషం రండి, గాజుగదిలో పొగ వస్తోంది" అన్నా.

పరిగెత్తుకొచ్చారు. ఈసారి రెండు చెప్పులతోనే.

"ఏదయ్యా పొగ?"

"చూడండి" అని కుర్చీలో కూర్చున్నా. గడియారం మీద రెండు నొక్కులు. 2004. బయట నాలుగు కుర్చీల్లోంచీ ఒకేసారి కేకలు. మళ్ళీ రెండు నొక్కులు. 2003. తలుపేసుకుంది.

"ఇంతేనండీ. దీనికి హైదరాబాదు వెళ్ళక్కర్లేదు."

ఆయన మొహం ఎర్రగా అయి, తెల్లగా అయి, మళ్ళీ ఎర్రగా అయింది. గోడకి చెయ్యి ఆనించి నిలబడ్డారు.

"ఇప్పుడు నమ్మారా?"

"నమ్మానురా!" అన్నారు. ఇరవై ఏళ్ళలో మొదటిసారి 'రా'. "దీన్నిప్పుడు ఎవడు బాగుచేస్తాడు?"

"ఒక్కడే ఉన్నాడండీ."

"పో. వాణ్ణి తీసుకురా. తేకపోతే నువ్వూ రాకు."

25 మార్చి, మంగళవారం

బందరు చేపల మార్కెట్టులో వెతికా. దానమ్మ గారు కంటికి ఆకుపచ్చ గుడ్డ కట్టుకుని తక్కెడ పట్టుకునుంది. వెనక సూర్యం ఐసు కొడుతున్నాడు.

"ఎవురు బాబూ?"

"గంగాప్రసాదునమ్మా."

"నువ్వేనా మావోడి గురువువి!" అని తడిచెయ్యి చీరకి తుడుచుకుని లేవబోయింది. "కూకో బాబూ. నీ పేరు సెప్పకుండా ముద్ద తినడు. ఒరే సూరీ, గురువుగారొచ్చార్రా, కొబ్బరి బొండం తే."

ఆ బొండం చేత్తో పట్టుకునే వాడి వెనక వెళ్ళా.

ఇద్దరం ఐసు పెట్టెల వెనక నిలబడ్డాం. చెప్పా. మొత్తం చెప్పా.

"తెలుసండీ" అన్నాడు.

"ఎట్లా?"

"నేను వచ్చేసరికి కుర్చీ కింద శనక్కాయ తొక్కలున్నాయి. మీరు తప్ప ఎవరు వేస్తారు?"

"మరి చెప్పొచ్చుగా, నాయనా! ఆ మనిషి ముందు నేనేనని ఎందుకన్నావ్?"

వాడు కాసేపు ఐసు ముక్కని కాలితో తోశాడు.

"నాకు ఇంకోచోట పని దొరుకుద్దండీ. మీకు దొరకదు."

కొడదామనిపించింది. నిజంగా చెయ్యి లేచింది. ఎగతాళి చేసుంటే కొట్టేవాణ్ణి. వాడు నేల చూస్తూ, తప్పు తనదైనట్టు చెప్పాడు. ఉన్న మాట.

"రేపు పొద్దున బస్సుకి రారా" అన్నా.

"అమ్మ కంటికి మందు వేసి వస్తానండీ."

26 మార్చి, బుధవారం

వచ్చాడు. గంట పట్టింది, అంతే. మొదటిసారి దీనికి విరుగుడు తెలియక బెంగుళూరు దాకా పోవాల్సి వచ్చిందిట. ఇప్పుడు తెలుసుట. సర్వరు 2004లో ఉన్న ఆ నిమిషంలో దానంతటదే కొన్ని ఫైళ్ళు రాసుకుంటుంది, వాటి మీద వచ్చే ఏడాది తేదీ పడుతుంది. తేదీ వెనక్కి తిప్పినా ఆ ఫైళ్ళు అలాగే ఉంటాయి. అవి చూసి లైసెన్సు, మోసం అంటుంది. వాటిని వెతికి ఒక్కొక్కటీ తీసేశాడు. పక్కన నిలబడి చూశా. అర్థమైంది. మొదటిసారి ఆ గదిలో ఒకటి అర్థమైంది.

ఇంజనీరు గారు వచ్చి వాడితో "సూర్యప్రకాష్ గారూ, మనసులో పెట్టుకోకండి" అన్నారు. నాతో "నువ్వు కింద బ్లూప్రింటు గదికి పో. మళ్ళీ ఈ అంతస్తులో మౌసు పట్టుకుంటే చేతులు విరగ్గొడతా" అన్నారు. సైటు కాదు, ఇల్లు కాదు. అదృష్టమే అనుకోవాలి. అదైనా ఎవరు అడిగి ఇప్పించారో నాకు తెలుసు, వాడు చెప్పడు.

వాడు ఆ చిన్న ఫైలు తెరిచి, నా పేరున్న వరస మీద వేలు పెట్టి అడిగాడు. "ఇది ఏం చెయ్యమంటారండీ?"

"తీసెయ్. ఎనిమిదిన్నరకొచ్చి కాచుక్కూర్చునే పిల్లకి దొరకనీ."

తీసేశాడు. నాకు ఎక్కడో పీకినట్టయింది, రెండు నెలలు నాదని తెలియనిది పోతే కూడా.

బయటికొచ్చి రిజిస్టరు అడిగా. పన్నెండో తారీఖు వరస మీద సూర్యప్రకాష్ సంతకం కొట్టేసి, పక్కన నా చేతి అక్షరాల్లో రాశా. స్కేలు పెట్టి రెండు సన్నగీతలు గీసుకుని, వాటి మధ్యన. తేదీ మార్పు. చేసినవారు: గంగాప్రసాద్. దాని కింద ఇరవై నాలుగు: తేదీ మార్పు, రెండోసారి. గంగాప్రసాద్. రాసేటప్పుడు ఊపిరి బిగబట్టా.

వదలమని వాడు నా వీపు మీద చరిచాడు. ధైర్యం చూడు వెధవకి.

3 ఏప్రిల్, గురువారం

బ్లూప్రింటు గదిలో ప్లాన్ల కాపీలు తీసే మిషను అమ్మోనియా వాసన కళ్ళల్లోకి పోతోంది. మిషను ఒకటే, మనిషినీ నేనొక్కణ్ణే, వరస లేదు. అంబారీ ఏనుగుని మిషను మీద పెట్టుకున్నా.

ఉగాది పచ్చడి మా ఆవిడ చేదెక్కువ చేసింది.

ఇవాళ సూర్యం పులుసు తెచ్చాడు. ముందు నా గదికి తెచ్చి, తర్వాత పైకి తీసుకెళ్ళాడు. పండుగప్ప. మూడు ముక్కలు తిన్నా.

బాగుందని చెప్పలేదు.